కుర్చీ మీది నలకంత పురుగు నీళ్లెక్కడ తాగుతుంది?

ఆరుబయట వేసిన కుర్చీల మీద, దిండ్ల కింద నలకల్లాంటి పురుగులు పాకుతున్నాయి, ఏ మందు కొట్టాలి అని ఒక పాఠకురాలు అడిగారు. మందు మాట తర్వాత చూద్దాం. అవి ఏ పురుగులో తేలితే సగం పని అయినట్టే.

కుర్చీ కింద ఒక తెల్లకాగితం పెట్టి, కర్రను గట్టిగా తట్టండి. రాలినవాటిని భూతద్దంతో చూడండి. తాకగానే ఎగిరి గంతేస్తే అది స్ప్రింగ్‌టెయిల్. దానికి రెక్కలుండవు. పొట్ట కింద మడిచి పెట్టుకున్న పంగలాంటి అవయవాన్ని ఒక్కసారిగా విదిల్చి లేస్తుంది. ఎర్రటి చుక్కలా ఉండి, నలిపితే ఎర్ర మరక పడితే క్లోవర్ మైట్. ఆ మరక చూసి మన రక్తం తాగిందని చాలామంది భయపడతారు. ఆ ఎరుపు దాని ఒంటి రంగే. అది గడ్డి, ఆకుల రసం పీల్చి బతుకుతుంది, మనల్ని కుట్టదు. బల్ల జిగటగా ఉంటే కిందికి కాదు, పైకి చూడాలి. పైనున్న కొమ్మల మీద పేనుబంక చేరి, తియ్యటి జిగురు రాలుస్తూ ఉంటుంది.

ఇక లేతరంగులో, మెత్తగా, మిల్లీమీటరు పొడవుండి, నాలుగడుగులు పరుగెత్తి ఆగి మళ్లీ పరుగెత్తేది సోసిడ్. పాత పుస్తకాల్లో తిరిగే పురుగు ఈ జాతిదే. దిండు కుట్టు మీద కంటికి కనబడని బూజు చాలు, దానికి భోజనం. నాకు బాగా ఇష్టమైనది ఇదే.

మిల్లీమీటరు జీవికి ఎండిపోవడమే పెద్ద గండం. ఆకారం మారకుండా పొడవు పదో వంతుకు తగ్గితే, ఒంటి ఉపరితలం నూరో వంతు అవుతుంది. లోపలి నీరు మాత్రం వెయ్యో వంతుకు పడిపోతుంది. అంటే ఉన్న నీటితో పోలిస్తే ఆవిరయ్యే చోటు పది రెట్లు ఎక్కువ. చర్మం మీది సన్నని మైనపు పొర కొంత కాపాడుతుంది కానీ పూర్తిగా కాదు. మరి చుక్క నీరు దొరకని పొడి దిండు మీద సోసిడ్ ఎలా బతుకుతోంది?

గాల్లోని ఆవిరిని తాగి! డబ్బా మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మగిల్లుతుంది కదా, దాదాపు అదే పద్ధతి. నోటి భాగాల మీద ఒక ద్రవాన్ని పరుచుకుంటుంది. గాల్లోని తేమ అందులోకి దిగుతుంది, దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. దీనికో హద్దుంది. గాలి సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగే తేమలో ఎంత శాతం ఉందన్నది, సుమారు 60 శాతం కంటే తగ్గితే ఈ పద్ధతి పనిచేయదు. వచ్చే నీటికంటే పోయేది ఎక్కువై, కొన్ని వారాల్లో ఎండి చనిపోతుంది.

ఈ లెక్క మన చేతికి అందేదే. 25 డిగ్రీల దగ్గర 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిని, నీరు కలపకుండా 35 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్ద్రత 45 శాతానికి పడిపోతుంది. ఎండలో నిలబెట్టిన దిండు చుట్టూ జరిగేది అదే. అదే గాలి రాత్రి 20 డిగ్రీలకు చల్లబడితే పట్టలేనంత తేమై మంచుగా దిండు మీదే దిగుతుంది. పగలంతా ఎండబెట్టి రాత్రికి బయటే వదిలేస్తే చేసిన పని వృథా. దిండ్లు సాయంత్రానికే లోపలికి తేవాలి. కుర్చీల కింద గాలి ఆడాలి. బూజును సబ్బునీళ్లతో తోమి, ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగ్‌టెయిల్‌కి ఇంకా ఎక్కువ తేమ కావాలి కాబట్టి ఇదే వైద్యం దానికీ సరిపోతుంది.

తడి కర్రలోంచి పురుగు దానంతటదే పుడుతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మాంసంలో పురుగు ఈగ పెట్టిన గుడ్లనుంచే వస్తుందని ఇటలీ వైద్యుడు ఫ్రాన్సిస్కో రెడి 1668లోనే చూపించాడు. మూత కప్పిన జాడీ, మూతలేని జాడీ, అంతే సామాను. ఈ ప్రయోగాన్ని బడిలో బట్టీ పట్టించకుండా ఒక్కసారి చేయించి చూపితే ఎంత బాగుండునో! తేమ పురుగును పుట్టించదు, వచ్చిన పురుగును బతకనిస్తుంది.

క్లోవర్ మైట్ గడ్డినుంచి నడిచి వస్తుంది. కుర్చీలకూ గడ్డికీ మధ్య రెండడుగుల నేల ఖాళీగా ఉంచితే రాక తగ్గుతుంది. వచ్చినవాటిని నలపకుండా నీళ్లతో కడిగేయాలి. పేనుబంకకు కొమ్మ మీదే పలచని సబ్బునీళ్లు చల్లాలి. అది పురుగు ఒళ్లు తడిస్తేనే పనిచేస్తుంది, ఆరిపోయాక ప్రభావం ఉండదు. మనం కూర్చునే దిండ్ల మీద పురుగుమందు చల్లాల్సిన అవసరం వీటిలో దేనికీ లేదు.

ఎండ వైద్యం పనిచేయనిది ఒకటుంది. వెదురు, కర్ర కాళ్ల కింద పిండిలాంటి పొడి రాలి, పైన గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే అది కర్రను పుచ్చబెట్టే పెంకుపురుగు. దాని లార్వా ఆరిన కర్రలోపలే, అందులోని పిండిపదార్థం తింటూ హాయిగా పెరుగుతుంది. తల్లిపురుగు గుడ్లు పెట్టేది కర్ర రంధ్రాల్లో. కొత్త సామానుకు కోసిన అంచులతో సహా అన్నివైపులా వార్నిష్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పటికే లోపలున్న లార్వాను వార్నిష్ చంపదు. పొడి తుడిచేశాక మళ్లీ కొత్తగా రాలుతుంటే ఆ కుర్చీని మిగతావాటినుంచి వేరుచేయండి.