అమెరికా హైస్కూల్లో గది ఎవరిది?

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

1950ల నాటి అమెరికా హైస్కూలు ఇయర్‌బుక్కు, అంటే బడి ఏటా అచ్చువేసే ఫొటోల పుస్తకం, ఏదైనా తెరిచి చూడండి. చాలావాటిలో మొదటి పేజీల్లోనే టీచర్ల ఫొటోలు శాఖలవారీగా ఉంటాయి. ఇంగ్లీషు, సోషల్ స్టడీస్, గణితం, సైన్సు, భాషలు, బిజినెస్, హోమ్ ఎకనామిక్స్, షాపు, సంగీతం, వ్యాయామం. షాపంటే దుకాణం అనుకునేరు. వడ్రంగం, లోహపు పని నేర్పే కార్ఖానా గదికి అక్కడ ఆ పేరు. సాధారణంగా మగపిల్లల్ని అందులోకి, ఆడపిల్లల్ని వంటా కుట్టుపనీ నేర్పే హోమ్ ఎకనామిక్స్‌లోకి పంపేవారు. ఎవరికి ఏది ఇష్టమో అడిగేవారు తక్కువ. అది అన్యాయమే.

మన బళ్లలో గది పిల్లలది. బెల్లు కొడితే మాస్టారు మారతారు, పిల్లలు ఉన్నచోటే ఉంటారు. అక్కడ గది టీచరుది. బెల్లు కొట్టగానే బడి బడంతా నడవాల్లోకి వచ్చేస్తుంది. నాలుగైదు నిమిషాల్లో లాకర్లో పుస్తకాలు మార్చుకుని తర్వాతి గదికి చేరిపోవాలి. ఆ రోజుల్లో ఒకే ఏడు చదువుతున్న ఇద్దరిలో ఒకరు లాటిన్‌కి వెళ్తే ఇంకొకరు టైపింగుకి వెళ్లేవారు మరి.

ఇన్ని రకాలుగా చదివినవాళ్లకి ఒకే డిప్లొమా, అంటే హైస్కూలు పూర్తిచేసిన పట్టా, ఎలా ఇస్తారు? గంటలు లెక్కపెట్టి ఇస్తారు. ఆ లెక్క పుట్టింది పిల్లల కోసం కాదు, కాలేజీ ప్రొఫెసర్ల పింఛను కోసం. 1905లో ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ ఆ పింఛన్లకని కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు అందాలంటే అసలు కాలేజీ అంటే ఏమిటో ముందు తేల్చాలి కదా. హైస్కూల్లో కనీసం 14 యూనిట్లు చదివినవాళ్లనే చేర్చుకునేది కాలేజీ అని ఆయన పెట్టిన సంస్థ తేల్చింది. ఒక యూనిట్ అంటే ఒక సబ్జెక్టులో 120 గంటల పాఠం. రోజుకి 40 నిమిషాలు, వారానికి 5 రోజులు, ఏడాదికి 36 వారాలు వేసి చూడండి, సరిగ్గా 7,200 నిమిషాలు, అంటే 120 గంటలు. పింఛను కావాలని కాలేజీలు ఒప్పుకున్నాయి, కాలేజీల కోసం హైస్కూళ్లు గంటల్ని ఆ కొలతకి కోసుకున్నాయి. ఏడాదికి నాలుగు సబ్జెక్టుల చొప్పున నాలుగేళ్లు చదివితే 16 యూనిట్లు, అప్పట్లో చాలా బళ్లలో డిప్లొమాకి అంత కావాల్సి వచ్చేది. ఇందులో చిక్కు ఒకటుంది. ఈ కొలత కూర్చున్న గంటల్ని కొలుస్తుంది గాని, వచ్చిన చదువుని కొలవదు.

ఆ గంటల బరువంతా ఇంగ్లీషు టీచరు మీద పడింది. రోజుకి 5 తరగతులు, ఒక్కోదానిలో 30 మంది. మొత్తం 150 మంది వారానికో వ్యాసం రాశారనుకోండి. ఒక్కో వ్యాసానికి 10 నిమిషాలిచ్చినా దిద్దడానికే 25 గంటలు పడుతుంది, అదీ బడి అయ్యాక ఇంటి దగ్గర. అందుకే చాలాచోట్ల వ్యాసం మానేసి ఖాళీలు పూరించడం పెట్టారు. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1959లో ఇచ్చిన నివేదికలో ఇంగ్లీషు టీచరుకి వందమందికి మించి పిల్లలుండకూడదన్నాడు, వారానికో వ్యాసం ఉండాలన్నాడు. వందమందైనా దాదాపు 17 గంటలు! అంత కష్టపడి మార్జిన్లో ఎర్ర సిరాతో తప్పులు గుర్తుపెట్టి ఇస్తే, పిల్లవాడు పైన ఉన్న గ్రేడు చూసుకుని కాగితం మడిచేస్తాడు. అనుభవమున్న టీచరు వ్యాసం తిరగరాసి తెచ్చాకే గ్రేడు వేస్తుంది. దిద్దిన శ్రమ దక్కాలంటే అదొక్కటే దారి.

బిజినెస్ శాఖను తక్కువగా చూడకండి. కాలేజీకి వెళ్లలేని వేలమంది ఆడపిల్లలకి జీతం తెచ్చిన గది అది. అప్పటి టైపింగు గదిలో కొన్ని మిషన్ల మీట్లపై అక్షరాలే ఉండేవి కావు. చూస్తే వేలు నేర్చుకోదు కాబట్టి చూడటానికి ఏమీ లేకుండా చేశారు. అక్షరాల పటం గోడ మీద ఉండేది, తల వంచకుండా ఎదురుగా చూడాలి. వేగం లెక్కలో ఒక మాట అంటే 5 మీట్లు, ఖాళీ జాగాతో కలిపి. 10 నిమిషాల పరీక్షలో 2,500 మీట్లు కొడితే 500 మాటలు. ఒక్కో తప్పుకి 10 మాటలు కోత. 8 తప్పులుంటే 80 పోయి 420 మిగులుతాయి, అంటే నిమిషానికి 42. తొందరపడి 550 మాటలు కొట్టి 15 తప్పులు చేసినవాళ్లకి మిగిలేది నిమిషానికి 40. నిదానంగా కొట్టినవాళ్లే పైన నిలుస్తారు.

సైన్సు గదుల రాత మార్చింది స్పుత్నిక్ అనే మొట్టమొదటి కృత్రిమ ఉపగ్రహం. 1957 అక్టోబరు 4న రష్యావాళ్లు దాన్ని ఎగరేశారు, 1958 సెప్టెంబరులో అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. సైన్సు, గణితం, విదేశీ భాషల శాఖల పరికరాలకి స్థానికంగా ఎంత పెడితే కేంద్రం అంత కలిపింది. భాషల గదుల్లోకి టేప్ రికార్డర్లూ హెడ్‌ఫోన్లూ వచ్చాయి. ఇంగ్లీషుకీ చరిత్రకీ మొదట్లో ఆ వాటా దక్కలేదు.

అంతకుముందే, 1956లో, ఎం.ఐ.టి.లో జెరోల్డ్ జకారియాస్ నడిపిన బృందం కొత్త ఫిజిక్సు పాఠాలు మొదలుపెట్టింది. అందులో అలల తొట్టి మీరూ చేసుకోవచ్చు. అడుగు గాజుదైన లోతులేని పళ్లెం, అందులో అర సెంటీమీటరు నీళ్లు, పైన ఒక బల్బు, కింద తెల్ల కాగితం. నీటిని వేలితో తాకితే అల శిఖరం కటకంలా వెలుగుని కూడగట్టి కాగితం మీద తెల్ల గీతగా పడుతుంది. పళ్లెం సమతలంగా లేకపోతే లోతు తక్కువైన వైపు అల నెమ్మదిస్తుంది, వలయం వంకరపోతుంది. అంచుల నుంచి అలలు వెనక్కి తిరిగొచ్చి బొమ్మ చెడగొడితే, చుట్టూ గాయాలకి కట్టే పల్చని గాజుగుడ్డ మడిచి పెట్టండి.

ఇయర్‌బుక్కులో అన్నీ తెల్ల ముఖాలో, అన్నీ నల్ల ముఖాలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. దక్షిణ రాష్ట్రాల్లో చట్టమే బళ్లని విడదీసింది. రాజధాని వాషింగ్టన్‌లోని నల్లపిల్లల బడి డన్‌బార్ హైస్కూల్లో డాక్టరేట్లున్న నల్లజాతి టీచర్లు పాఠాలు చెప్పారు, తెల్లవాళ్ల యూనివర్సిటీలు వాళ్లని తీసుకోలేదు కాబట్టి. 1954 మే 17న సుప్రీంకోర్టు ఆ విభజన చెల్లదంది. తర్వాత చాలా ఊళ్లలో మూతపడింది నల్లపిల్లల బడే. పిల్లలు తెల్లవాళ్ల బడికి వెళ్లారు, వాళ్ల టీచర్లని, ప్రిన్సిపాళ్లని మాత్రం వేలసంఖ్యలో తీసేశారు. దక్షిణాదిలోని ఏదైనా ఊరి పాత ఇయర్‌బుక్కులు దొరికితే, 1950ల నాటి రెండు బళ్ల పుస్తకాల పక్కన 1970 నాటి ఉమ్మడి బడి పుస్తకం పెట్టుకుని టీచర్ల పేజీలు ఒక్కో శాఖ చొప్పున పోల్చి చూడండి.

ఆశీస్సులతో,
తాతయ్య