మరబోటులో కలాసీల సౌకర్యాలు: ఆటోనగర్ షెడ్డులో రోజూ వినే అపోహలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునుంటాయి, విజయవాడ ఆటోనగర్‌లో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు ఊపిరాడదు. మచిలీపట్నం, నిజాంపట్నం ఓనర్లు కొలతలు పట్టుకుని వస్తారు. ట్యాంకు కావాలంటారు, మంచం కావాలంటారు. ఎక్కడ బిగించాలో మాత్రం అడగరు. గొడవంతా అక్కడే.

అపోహ: పడకలు పెడితే చేపల గదిలో చోటు పోతుంది.

పోయినేడు ఒకాయన "ఐదడుగులు చాల్లే అన్నా, సర్దుకుంటారు" అన్నాడు. నేల మీద చాక్‌పీసుతో ఐదు బై రెండు గీసి, మీరే పడుకోండి అన్నాను. కాళ్ళు చాపితే పాదాలు బయట, ముడిస్తే మోకాళ్ళు బయట. దుమ్ము దులుపుకుని లేచి, ఆరున్నర రాసుకోమన్నాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007 ఒప్పందంలో 24 మీటర్లు, ఆపై బోట్లకు పడక కనీసం 198 బై 80 సెంటీమీటర్లు అని ఉంది. మన బోట్లు చాలావరకు అంతకన్నా చిన్నవే. కానీ బోటు చిన్నదని మనిషి పొట్టివాడవడు కదా! గోడకి కీలు వేసి, పగలు పైకి మడిచేసే రెండంతస్తుల పడకలైతే చేపల గదిని ముట్టుకోనక్కర్లేదు.

మూడు రోజులు దాటి సముద్రంలో ఉండే బోటు ఎంత చిన్నదైనా, రోజుకి 10 గంటల విశ్రాంతి ఉండాలని కూడా అదే ఒప్పందం చెబుతుంది. రాత్రుళ్ళు కూడా వల లాగే కలాసీకి ఆ గంటలు ముక్కలు ముక్కలుగానే దొరుకుతాయి. అందుకే దొరికినప్పుడైనా నడుం వాల్చే చోటు సరిగ్గా ఉండాలి.

అపోహ: సిలిండరు క్యాబిన్‌లో ఉంటేనే తడవకుండా భద్రం.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. వంట గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పలకల సందుల్లోంచి బోటు అడుగుకి దిగి, అక్కడే పరుచుకుంటుంది. ఇంట్లో అయితే గుమ్మం కిందనుంచి కొంత బయటికి పోతుంది, బోటు అడుగుకి గుమ్మం ఉండదు. పైన పడుకున్నవాళ్ళ ముక్కుకి వాసన తగలకపోవచ్చు. తెల్లారి డ్రైవరు సెల్ఫ్ కొడితే ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండరు డెక్కు మీదే ఉండాలి, అడుగున కంతలున్న పెట్టెలో, నిలబెట్టి, గొలుసు వేసి. పొయ్యి లోపల పెట్టుకోండి, గిన్నె జారకుండా చుట్టూ కడ్డీ ఉండాలి. ట్రిప్పుకి ముందు పైపు, రెగ్యులేటరు మీద సబ్బు నురుగు రాసి చూడండి. బుడగ లేస్తే బోటు కదపొద్దు.

అపోహ: నీళ్ళ ట్యాంకు వీల్‌హౌస్ (బోటు నడిపే గది) పైన పెడితే కుళాయి తిప్పగానే నీళ్ళు.

500 లీటర్లంటే అర టన్ను. అంత బరువు నెత్తిన పెట్టుకున్న బోటు ఒరిగితే తేరుకోవడం కష్టం. సగం ఖాళీ అయ్యాక ఇంకా ప్రమాదం, ఒరిగిన వైపుకే నీళ్ళు పరిగెడతాయి. కింద, మధ్యలో పెట్టి, లోపల కంతలున్న అడ్డ రేకులు వేసి, చేతిపంపు బిగిస్తాం. పాత కెమికల్ డ్రమ్ములో తాగేనీళ్ళు పట్టకండి. ఐసు కరిగిన నీళ్ళ సంగతి చెప్పేదేముంది, దాంట్లో చేప పడుకుని ఉంది.

అపోహ: సముద్రమంతా ఉండగా మరుగుదొడ్డి ఎందుకు?

రాత్రి తడి డెక్కు మీద, బోటు వెనక ఒంటి చేత్తో తాడు పట్టుకుని కూర్చున్నవాడు జారితే ఇంజను మోతలో కేక కూడా వినపడదు. మూడడుగుల చదరం చాలు, లోపల పట్టుకోడానికి రెండు కడ్డీలు. గడియ మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుదే వేయించుకోండి, ఇనపదైతే ఉప్పుగాలికి బిగుసుకుపోతుంది.