డెవలపర్‌లో వంద గ్రాముల సల్ఫైట్

నలుపు తెలుపు ఫిల్ముకు ఏ డెవలపర్ (ఫిల్ముపై పడిన బొమ్మను పైకి తెచ్చే రసాయన ద్రావణం) మంచిదని ఒక పాఠకుడు అడిగారు. నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవచ్చు గాని, సీసా మీది పేరు కన్నా లోపలి సోడియం సల్ఫైట్ మోతాదును చూడడం మేలని నా అభిప్రాయం.

1927 నాటి కొడాక్ డి-76 అనే డెవలపర్ సూత్రంలో లీటరు ద్రావణానికి మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఉండగా సల్ఫైట్ మాత్రం ఏకంగా 100 గ్రాములు ఉంటుంది. బొమ్మను పైకి తెచ్చే పని మెటాల్, హైడ్రోక్వినోన్‌లది. అవి గాలి తగిలి పాడవకుండా సల్ఫైట్ కాపాడుతుందని నాకు చెప్పిన పాఠం అక్కడితోనే ఆగిపోయింది. ఆ ఒక్క పనికి అంత సల్ఫైట్ అక్కరలేదు. ఆ మోతాదులో అది ఫిల్ముపై వెలుగును పట్టే సిల్వర్ హాలైడ్ స్ఫటికాల అంచులను కొద్దికొద్దిగా కరిగిస్తుంది, కరిగిన వెండిలో కొంత అప్పుడే పెరుగుతున్న వెండి పోగుల మీద తిరిగి పేరుకుంటుంది. అందువల్ల బొమ్మలో గరుకుదనం తగ్గుతుంది, దానితోపాటు పదునూ కొంత తగ్గుతుంది.

అదే ద్రావణంలో సమపాళ్లలో నీరు కలిపితే సల్ఫైట్ లీటరుకు 50 గ్రాములకు, మూడు పాళ్లు కలిపితే 25 గ్రాములకు దిగుతుంది. కరిగించే శక్తి సన్నగిల్లి, రేణువులు బయటపడి, అంచులు పదునెక్కుతాయి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ట్రై-ఎక్స్ 400 అనే కొడాక్ ఫిల్ముకు నీరు కలపని డి-76లో ఆరుముప్పావు నిమిషాలు చాలు, సమపాళ్ల నీటితో తొమ్మిదిముప్పావు పడుతుంది.

పలుచనలో మరొక విశేషం ఉంది. ఆకాశానికి ఆనుకున్న ఇంటికప్పు అంచును నెగెటివ్‌పై భూతద్దంతో చూడండి. దట్టంగా నల్లబడే ఆకాశం వైపు డెవలపర్ త్వరగా అయిపోయి, ఆ పనిలో వెలువడి దానినే మందగింపజేసే బ్రోమైడ్ పోగవుతుంది. కప్పు వైపు నుంచి తాజా ద్రావణం చొరబడి సరిహద్దు వెంట ఆకాశాన్ని ఇంకా నల్లబరుస్తుంది, ఇటు జారిన బ్రోమైడ్ కప్పు అంచులో నలుపును ఇంకా తగ్గిస్తుంది. ఫిల్మును ద్రావణంలో ఉంచే టాంకును తరచుగా కదిపితే ఈ సన్నని గీతలు చెదిరిపోతాయి. కొందరు దీనిని ఆయా డెవలపర్ మహిమగా చెప్పుకొని, గురువు వాడిన సీసా తప్ప వేరొకటి ముట్టరు.

1891 నాటి మరో డెవలపర్ రోడినాల్‌ను ఒక పాలుకు 25 లేదా 50 పాళ్ల నీటితో వాడతారు గనుక అందులో కరిగించే గుణం దాదాపు శూన్యం. వెలుగు ఎక్కువ కావలసిన నెమ్మది ఫిల్ముకు అది పదునైన అంచునిస్తుంది, వేగం ఎక్కువైన ఫిల్ములో రేణువులను దాచకుండా చూపుతుంది. చిన్న ఫిల్ముపై తీసిన ముఖాన్ని పెద్దది చేయదలిస్తే నేను నీరు కలపని డి-76నే ఎంచుకుంటాను. పలుచన చేసినదానిలో కాపాడే సల్ఫైట్ కూడా తగ్గుతుంది గనుక, దానిని ఒక్కసారి వాడి పారబోయాలి.