నల్ పాయింటర్: 1965 నుంచి వెంటాడుతున్న సమస్య

నడుస్తున్న ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం ఒకటే. అక్కడ విలువ ఉందనుకుని వాడబోయాం, తీరా చూస్తే ఏమీ లేదు. ఆ 'ఏమీ లేదు' పేరే నల్.

1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగ్ భాషకు రిఫరెన్సులు (విలువ ఎక్కడుందో చూపేవి) రూపొందిస్తున్నప్పుడు కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ నల్‌ను చేర్చారు. తప్పులన్నీ కంపైలరే, అంటే కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే ప్రోగ్రామే, పట్టుకోవాలన్నది ఆయన ఆశయం. అయినా అమలు చేయడం చాలా సులువు కాబట్టి చేర్చేశానని 2009లో లండన్ సదస్సులో ఆయనే చెప్పారు. దాన్ని తన 'బిలియన్ డాలర్ల పొరపాటు' అన్నారు.

సీ, జావా భాషలు కూడా నల్‌తోనే వచ్చాయి. సీలో ప్రమాదం ఎంత లోతుదో 2009లో లైనక్స్ కెర్నల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో బయటపడింది. పాయింటర్‌ను, అంటే విలువ ఉన్న చోటును చూపేదాన్ని, ముందు వాడేసి, ఆ తర్వాత అది నల్లా కాదా అని చూశారు. ముందే వాడారంటే నల్ అయ్యే వీల్లేదని లెక్కవేసి కంపైలర్ ఆ తనిఖీనే తీసేసింది. ప్రోగ్రామర్ జాగ్రత్తకే వదిలేయకూడదు, ఈ రక్షణ భాషలోనే ఉండాలి అనడానికి నాకు ఇంతకంటే గట్టి ఉదాహరణ కనిపించదు.

విలువ లేకపోవచ్చని టైపులోనే (విలువ ఏ రకమో చెప్పేది) చెప్పించడమే విరుగుడు. అది అప్పటికే ఎంఎల్ భాషలో 'ఆప్షన్'గా, హాస్కెల్‌ భాషలో 'మేబీ'గా ఉంది. స్విఫ్ట్ (2014), రస్ట్ 1.0 (2015), కోట్లిన్ 1.0 (2016) దాన్ని విస్తృత వాడకంలోకి తెచ్చాయి. కోట్లిన్‌లో టైపు పక్కన ప్రశ్నార్థకం పెడితేనే అందులో నల్ ఉండొచ్చు.

దీంతో కంపైలర్లను పరీక్షించే టెస్టుల తీరు మారింది. ప్రోగ్రామ్ సరిగ్గా నడిచిందా అని చూస్తే చాలదు. తప్పు కోడ్ కావాలనే రాసిచ్చి, కంపైలర్ దాన్ని సరైన లైను దగ్గరే తిరస్కరించిందా అని చూడాలి. నల్ కాదని ముందే తేల్చుకున్న కోడ్‌ను అనవసరంగా ఆపడం లేదు కదా అనీ చూడాలి.

అసలు కష్టం ఈ రక్షణకు సందులు మిగిలే అతుకుల దగ్గర. కోట్లిన్‌లో మాతృ క్లాసు కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును తయారుచేసే కోడ్) నుంచి పిల్ల క్లాసు ఫంక్షన్‌ను పిలిస్తే, నల్ కాకూడని ఫీల్డును (ఆబ్జెక్టులో విలువ దాచే చోటు) అప్పటికి నింపకపోవడంతో అది ఇంకా నల్‌గానే దొరుకుతుంది. జావా నుంచి వచ్చే విలువలకు నల్ గుర్తులు లేకపోతే కంపైలర్ పట్టు సడలిస్తుంది. సీ షార్ప్ భాష 2019లో తెచ్చిన నల్ తనిఖీ పద్ధతిలో పది స్ట్రింగుల (అక్షరాల విలువల) అర్రే, అంటే వరుస జాబితా, సృష్టిస్తే పదీ నల్‌లే, హెచ్చరిక కూడా రాదు.

డార్ట్ భాష 2021లో నల్ సేఫ్టీ (నల్ నుంచి రక్షణ) తెచ్చినా, పాత కోడ్ కలిసిన ప్రోగ్రాములకు పూర్తి హామీ ఇవ్వలేకపోయింది. 2023లో డార్ట్ 3 పాత పద్ధతిని పూర్తిగా తీసేసింది.