రుద్దితే నలుపు పోదు: ముఖం స్క్రబ్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

బుగ్గల మీద నల్లమచ్చలని ఓపీకి వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది, ముఖాన్ని దేంతో రుద్దుతున్నారని. చాలామంది చెప్పేది వాల్‌నట్ స్క్రబ్, లేదంటే పంచదార, నిమ్మరసం.

అపోహ: గట్టిగా రుద్దితే నలుపు వదిలి ముఖం తేటపడుతుంది.

వాస్తవం: రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది పైచర్మం అడుగున. రుద్దితే ఊడేవి పైనున్న మృతకణాలే. అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి పడుచు వయసులో దాదాపు 28 రోజులు పడుతుంది, వయసు మీదపడేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. స్క్రబ్బయినా, మృతకణాలను వదులుచేసేందుకు ముఖానికి రాసే ఆసిడ్ అయినా ఆ పనికి కాస్త సాయం చేస్తుందంతే. మన చామనఛాయ చర్మం ఒరుసుకుపోతే ఎర్రబడి ఊరుకోదు. అక్కడ మెలనిన్ ఎక్కువగా తయారై నల్లమచ్చ నిలుస్తుంది, పోవడానికి నెలలు పడుతుంది. మచ్చ పోలేదని మళ్లీ రుద్దుతారు, అది ఇంకా ముదురుతుంది. మంగు ఉన్నవాళ్లయితే అసలు రుద్దనే వద్దు.

అపోహ: వంటింటి సరుకు కదా, ఏం కాదు.

వాస్తవం: పీహెచ్ అంటే ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటే నిమ్మరసానిది 2 దగ్గర. పంచదార పలుకు అంచు చర్మాన్ని గీస్తుంది. నూనె పట్టించి, మెత్తగా జల్లించిన సున్నిపిండితో ఒంటికి నలుగు పెట్టుకోండి, నాకూ ఇష్టమే. మొటిమలున్న ముఖానికి మాత్రం వద్దు. శనగపిండి ప్యాక్ ఎండిపోయాక గీరి తీయడం మరీ చేటు.

అపోహ: ఆసిడ్ రాస్తే ముఖం కాలిపోతుంది.

వాస్తవం: తక్కువ మోతాదులో వాడితే స్క్రబ్ కంటే ఇవే నయం. సాలిసిలిక్ ఆసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి బ్లాక్‌హెడ్స్‌ను వదులుచేస్తుంది. జిడ్డు చర్మానికి 2 శాతం దాటకుండా చాలు. పొడి చర్మానికి లాక్టిక్ ఆసిడ్ మేలు. వారానికి ఒక్క రాత్రితో మొదలుపెట్టండి. రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం మందు) రాసే రాత్రి ఆసిడ్ వద్దు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. లాక్టిక్, అలాంటిదే అయిన గ్లైకాలిక్ ఆసిడ్ ఆపేశాక కూడా ఓ వారం ఎండతో జాగ్రత్త.

అపోహ: మండితేనే పనిచేస్తున్నట్టు.

వాస్తవం: కాసేపు చురుక్కుమనడం వేరు. మండితే వెంటనే కడిగేయండి. మామూలు నీళ్లు తగిలినా మంటగా ఉంటే చర్మం రక్షణ పొర దెబ్బతిన్నట్టే. తగ్గేదాకా మైల్డ్ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి.

ఇంకో మాట. తెల్లబడాలని మందుల షాపులో కొన్న క్రీమ్ వాడుతుంటే ట్యూబ్ మీద చదవండి. బెటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్, చర్మాన్ని పల్చన చేస్తుంది. స్క్రబ్, ఆసిడ్ రెండూ ఆపేసి, ఆ ట్యూబ్ పట్టుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. చాన్నాళ్లుగా వాడుతున్న క్రీమ్‌ను మాత్రం సొంతంగా ఒక్కసారే మానేయకండి, ముఖం ఎర్రగా మండిపోతుంది. దాన్ని ఎలా మాన్పించాలో డాక్టరే చెబుతారు.