పాత సైకిల్ ఫ్రేముపై క్రోమ్ పూత: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్రోమ్ తుప్పు పట్టింది కనుక పూత మొత్తం పాడైనట్లే.

వాస్తవం: క్రోమ్ తుప్పు పట్టదు, ఆ ఎర్రదనం అడుగునున్న ఉక్కుది. మెరుపునిచ్చే క్రోమ్ పొర మందం సాధారణంగా 1 మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగానికి మించదు. దాని కింద ఉండే 10 నుంచి 30 మైక్రాన్ల నికెల్ పొరే ఉక్కును తేమ నుంచి కాపాడుతుంది. ఆ నికెల్‌లోని సన్నని రంధ్రాల గుండా తేమ ఉక్కును చేరినప్పుడు పుట్టిన తుప్పు పైకి ఉబికి, తాను బయటపడిన చోటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మేర మరకలా పరుచుకుంటుంది. అందుకే చూడగానే ఆశ వదులుకోవాలనిపించే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) కూడా, శుభ్రం చేశాక, సూదిమొనంత నల్ల చుక్కలతో చక్కగా మెరుస్తూ బయటపడటం తరచుగా జరుగుతుంది. తుడిచి చూడకముందే కొత్త ప్లేటింగుకు పంపడం తొందరపాటు.

అపోహ: ఇనుప పీచుతో గట్టిగా రుద్దితే త్వరగా వదులుతుంది.

వాస్తవం: ముతక పీచు గీతలు పెడుతుంది, దాని నుంచి రాలిన ఇనుప నలుసులు లగ్గుల (ఫ్రేము గొట్టాలను కలిపే లోహపు కీళ్ల) సందుల్లో చిక్కి మళ్లీ తుప్పు పడతాయి. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా నలిపి, నీటిలో తడిపి రుద్దడం మేలు. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కనుక గీతలు పడవు.

అపోహ: బాత్రూములు కడిగే యాసిడ్ వేస్తే తుప్పు క్షణాల్లో పోతుంది.

వాస్తవం: తుప్పుతో పాటు క్రోమ్ కూడా పోతుంది. పాత క్రోమ్‌ను తొలగించడానికి ప్లేటింగు చేసేవారు తరచుగా వాడేది అందులో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నే. ఫాయిల్‌కు లొంగని తుప్పుకు పలచని ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం సరిపోతుంది, అయితే అల్యూమినియం భాగాలను, బేరింగులను ముందే విప్పి పక్కన పెట్టాలి, భాగాన్ని అందులో నానబెట్టి గంట గంటకూ తీసి చూడాలి, ఆ తర్వాత గొట్టాల లోపలి వరకు నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఆక్సాలిక్ ఆమ్లం విషపదార్థం కనుక రబ్బరు చేతితొడుగులు లేకుండా ముట్టుకోరాదు.

అపోహ: పెచ్చులు ఊడిన చోట మాత్రమే కొత్త క్రోమ్ వేయించవచ్చు.

వాస్తవం: పాత క్రోమ్ మీద ఉండే ఆక్సైడ్ పొర కొత్త పూతను సరిగా అంటనివ్వదు. భాగం మొత్తం మీది పాత క్రోమ్‌ను, అవసరమైతే నికెల్‌ను కూడా తీసి, మొదటి నుంచి పూత వేయవలసిందే. డబ్బాల్లో దొరికే క్రోమ్ స్ప్రే వెండి రంగు పెయింటు మాత్రమే. దూరం నుంచి పరవాలేదనిపించవచ్చు గానీ పక్కనే అసలు క్రోమ్ ఉంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఊడుతున్న పెచ్చుల అంచులు బ్లేడులా కోస్తాయి, కనుక అక్కడ వట్టి వేలితో తడమవద్దు.

అపోహ: కొత్తగా ప్లేటింగు చేయిస్తే ఫ్రేము కొత్తదవుతుంది.

వాస్తవం: పూతలోని నునుపు ముందుగా ఉక్కుకు చేసే బఫింగు (అరగదీసి మెరుగు పెట్టడం) వల్ల వస్తుంది. తుప్పు గుంటలు పోయే వరకు అరగదీస్తే లగ్గుల పదునైన అంచులు గుండ్రబడతాయి, ఫ్రేము నంబరు చెరిగిపోవచ్చు. తేలికపాటి ఫ్రేముల్లో గొట్టం మధ్యభాగపు మందం 0.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కనుక అక్కడ అరగదీయడం బలానికే ముప్పు. ప్లేటింగు చేసేటప్పుడు చిన్న రంధ్రాల గుండా గొట్టాల్లోకి చేరిన ఆమ్లాన్ని కడిగి పూర్తిగా బయటకు తీయకపోతే ఫ్రేము లోపలి నుంచి తినివేయబడుతుంది, పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. ఆ ఆమ్లంలోనూ, ప్లేటింగులోనూ పుట్టే హైడ్రోజన్ అధిక బలం గల ఉక్కును పెళుసుబార్చవచ్చు కూడా. ఈ పనిని ఇంట్లో ప్రయత్నించకూడదు, ఎందుకంటే ప్లేటింగు తొట్టెల్లో సంప్రదాయంగా వాడే ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం.

అపోహ: ఒకసారి తుప్పు తీస్తే సమస్య తీరిపోయింది.

వాస్తవం: నికెల్‌లోని సన్నని రంధ్రాలు అలాగే ఉంటాయి. ఫ్రేము బాగా ఆరాక మైనపు పాలిష్ పట్టించి, ఆ మైనం పలచబడినప్పుడల్లా మళ్లీ పట్టిస్తూ ఉండాలి.