మాల తీసిన మర్నాడు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరడిగిన ప్రశ్నకు, ఇంటినిండా చుట్టాలుండటం వల్ల, నేను సరిగా సమాధానం చెప్పలేకపోయాను. మన వెనకింటి బాబాయి అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టకుండా ఉండి, శబరిమల నుంచి తిరిగివచ్చి మాల తీసిన మర్నాడే మళ్లీ తాగి వచ్చాడు కదా, అన్ని రోజులు మానగలిగినవాడు కావాలనుకుంటే ఇప్పుడు మానలేడా అని మీరడిగారు. ప్రభుత్వాసుపత్రి మానసిక చికిత్స వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కనుక, ఈ ప్రశ్న రోగుల భార్యల నోట, తల్లుల నోట ఎన్నోసార్లు విన్నాను. అడిగినవారిలో చాలామంది అప్పటికే సమాధానం నిర్ణయించుకుని ఉండేవారు. మీరు ఇంకా నిర్ణయించుకోలేదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

తాగుడు ఆపడం ఒక పని, ఆపిన తరువాత అలాగే నిలబడటం పూర్తిగా మరొక పని. దీక్షలో ఉన్న మనిషి రోజంతా ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నల్లబట్టలు, సాయంత్రం పూజ, భజన, తోటి స్వాములతో కలిసి భిక్ష, నేలమీద పడక. నిన్నటిదాకా పేరు పెట్టి కసిరినవారు సైతం 'స్వామీ' అని పిలుస్తారు, తాగుడు స్నేహితులు తమంతట తామే తప్పుకుంటారు. విజయవాడ ఇంద్రకీలాద్రికి వెళ్లే భవానీ దీక్షలోనూ బట్టల రంగు ఎరుపు తప్ప ఏర్పాటు ఇదే. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. మిగిలేది పాత చొక్కా, పాత దారి, పాత సాయంత్రం. భక్తి చాలలేదని అతణ్ణి తిట్టేవారు ఈ సంగతి గమనించరు.

ఆ పాత సాయంత్రానికి అంత బలం ఎక్కడినుంచి వస్తుందో మెదడు శాస్త్రం కొంతవరకు చెప్పగలిగింది. ఆహారం, ఆట, ఆప్యాయత వంటివి దొరికినప్పుడు మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలై, ఇది మళ్లీ కావాలి అన్న గుర్తును పాతుతుంది. మద్యం, నికోటిన్, గంజాయి ఆ వ్యవస్థనే పట్టుకుంటాయి. 1990లలో వోల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులపై చేసిన ప్రయోగాలలో ఒక విశేషం బయటపడింది. మొదట పళ్లరసం నోట పడినప్పుడు ఉత్తేజితమైన డోపమిన్ కణాలు, రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్న తరువాత, రసానికి కాక దీపానికే స్పందించాయి. అంటే కోరిక వస్తువును వదిలి, వస్తువు రాబోతోందని చెప్పే గుర్తుకు అతుక్కుంటుంది. మన మిర్చియార్డులో ఎండాకాలమంతా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే హమాలీనే తీసుకోండి. కళ్లలో కారం మంట, నడుములో నొప్పి, సాయంత్రం చేతిలో పడిన కూలి డబ్బులు, యార్డు గేటు దాటి సందు తిరగడం, ఇవన్నీ అతనికి ఆ దీపం వంటివే. సీసా కంటపడకముందే మెదడు సీసా దగ్గరికి చేరిపోయి ఉంటుంది. అలాంటి మనిషి ఆ సందు మొగలో నిలబడి నిగ్రహం చూపాలని మనం కోరుతున్నాము. ఆ సందులోకే పోకుండా ఇంటికి చేరే ఏర్పాటు చేయడం అంతకన్నా తెలివైన పని.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికులలో చాలామంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971లో తిరిగివచ్చిన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పరిశీలిస్తే, అక్కడ బానిసలైనవారిలో మొదటి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి చేరినవారు నూటికి దాదాపు అయిదుగురే. భయమూ, విసుగూ, చవకగా దొరికే హెరాయిన్, తోటి సైనికులు, అన్నీ సముద్రానికి ఆవల ఉండిపోయాయి. బాబాయికి ఆ అదృష్టం లేదు, ఆయన తాగిన ఊళ్లోనే బతకాలి.

అందరూ రుచి చూసినా కొందరే ఎందుకు చిక్కుకుంటారని మీరు తప్పక అడుగుతారు. మద్యం విషయంలో ఆ తేడాలో సుమారు సగం వంశపారంపర్యంగా వచ్చేదని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. తక్కిన సగంలో చిన్ననాటి దెబ్బలు, దిగులు, నిద్రలేమి, చేతికందేంత దగ్గరలో సరుకు ఉండటం, అన్నిటికన్నా మీకు సంబంధించినది, మొదలుపెట్టిన వయసు ఉన్నాయి. ముందు వెనుకలు ఆలోచించి ఆపే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యో పడి మధ్యదాకా పడుతుంది, ఆశపడే భాగం మాత్రం అంతకన్నా ముందే సిద్ధమవుతుంది. కోచింగ్ సెంటర్ ఎదుటి బడ్డీకొట్టులో విడిగా ఒక్క సిగరెట్టు అమ్మేవాడికి ఈ శాస్త్రం తెలియకపోయినా, ఎవరికి అమ్మాలో బాగా తెలుసు. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఎంత త్వరగా చేరితే అంత గట్టిగా పట్టుకుంటుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచి మన గుంటూరులోనే ఉంది, ఈ పంట మీద బతికిన కుటుంబాలు మన బంధువులలోనూ ఉన్నాయి, కాబట్టి మన ఊళ్లో ఈ మాట చెబితే కొందరు ముఖం ముడుచుకుంటారు. అయినా చెప్పవలసిందే.

ఇక చికిత్స. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరమన్న సంగతి ఇళ్లలో చాలామందికి తెలియదు. మద్యం మెదడును మందగింపజేస్తుంది కనుక, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యం ఆగగానే ఆ వేగానికి కళ్లెం ఉండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, తొలి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతిభ్రమ. స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి ఇచ్చినా రెండు చేతులతో పట్టుకుని ఒలకబోసుకునేవారు, దుప్పటి మీద లేని చీమలను రాత్రంతా ఏరుతూ కూర్చునేవారు మా వార్డుకు వచ్చేవారు. గుడిలో ఒట్టు వేయించి ఇంట్లో గది గడియ పెట్టిన తరువాత తీసుకొచ్చినవారు వారిలో ఉండేవారు. సరైన సమయంలో మెదడు వేగాన్ని నెమ్మదింపజేసే డయాజెపామ్ వంటి మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, మోతాదు రోజురోజుకూ తగ్గిస్తూ వస్తే వారం పది రోజుల్లో ఆ గండం గడుస్తుంది. మాల వేసుకోవాలనుకునేవారు అంతకు ముందే డాక్టరుకు చూపించుకుంటే దీక్షకు లోపమేమీ రాదు.

ఆ తరువాత కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మాత్రలున్నాయి. డైసల్ఫిరామ్ అని మరొకటి ఉంది. అది వేసుకుని తాగితే మద్యం నుంచి పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం ఒంట్లో పేరుకుని ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. రోగికి అన్నీ వివరించి, అతని ఇష్టంతో మాత్రమే ఇవ్వవలసిన ఆ మాత్రను పొడిచేసి పప్పులో, పులుసులో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇల్లాలి బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ పని ప్రాణం తీయగలదు. 'తెలియకుండా తాగుడు మాన్పిస్తాం' అని గోడల మీద రాసే పొడుల జోలికి అసలు పోకూడదు, వాటిలో ఏముందో చెప్పే నాథుడు లేడు.

మందులు దారి ఇస్తాయి, నడక మాత్రం నెలల తరబడి సాగాలి. కూలి డబ్బు నేరుగా భార్య ఖాతాలో పడేలా చూసుకోవడం, ఇంటికి వేరే దారిన రావడం, ఆకలి, కోపం, ఒంటరితనం ముదరకముందే గుర్తుపట్టడం కౌన్సెలింగులో నేర్పుతారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై ప్రారంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన దేశంలోనూ జరుగుతాయి. దీక్షలోని స్వాముల తోడు ఏడాది పొడుగునా దొరికితే ఎలా ఉంటుందో అవి అలా ఉంటాయి. మధ్యలో జారిపడటం ఈ జబ్బులో తరచుగా ఉండేదే. జారిన మర్నాడే ఆసుపత్రికి తిరిగొచ్చినవారు, సిగ్గుతో ఆరు నెలలు ముఖం చాటేసినవారికన్నా త్వరగా కోలుకోవడం నేను చూశాను. ఆ సిగ్గులో ఎక్కువ భాగం ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు పెట్టినదే. అందుకని బాబాయిని చూసి నవ్వకండి, ఆయన కొడుకు ముందు ఆ ప్రస్తావనే తేకండి.

మీ తోటివారిలో ఎవరైనా గంజాయిలో చిక్కుకుంటే, పోలీసులకు తెలుస్తుందన్న భయంతోనే దాచిపెడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షను ఉంది. వాడకం కేసులోనో, కొద్ది మోతాదు కేసులోనో ఇరుక్కున్న బానిస తనంతట తానే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. అమ్మానాన్నలకు చెప్పడానికి జంకితే ముందు నాకు ఫోన్ చేయండి, నేను మీతో ఓపీకి వస్తాను, చీటీ రాయించే వరుసలో నేనే నిలబడతాను.

మీ అమ్మమ్మ